బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర లెక్క ఎందుకు జారిపోతుంది? వేగమూ కచ్చితత్వమూ ఎలా సాధించాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: చేతి మొత్తం 21 దాటకుండా డీలర్‌ను మించాల్సిన బ్లాక్‌జాక్ ఆటలో, పడ్డ ముక్కలను లెక్కపెట్టే హై-లో పద్ధతిని మూడు నెలలుగా సాధన చేస్తున్నారు. ఇంట్లో ఒక కట్ట మొత్తాన్ని 40 సెకన్లలో లెక్కపెట్టగలుగుతున్నారు గానీ, చివర్లో ఒకటో రెండో తేడా వస్తోంది. న్యూజెర్సీలోని కేసినోల ఊరు అట్లాంటిక్ సిటీలో టేబుల్ దగ్గర కూర్చుంటే మాత్రం మూడో రౌండుకే లెక్క చెదిరిపోతోంది. ఇంకా వేగం పెంచుకోవాలా, పెంచుకుంటే ఎలా అన్నది మీ ప్రశ్న.

నేనూ న్యూజెర్సీలోనే ఉంటాను. పన్నెండేళ్లుగా ఆడుతున్నాను. నేను చెప్పేది మీకు కాస్త ఆశ్చర్యంగా అనిపించవచ్చు: టేబుల్‌కి కావలసిన వేగం మీ దగ్గర ఇప్పటికే ఉంది. లెక్క వేసి చూడండి. ఏడుగురు కూర్చున్న టేబుల్‌లో గంటకు సుమారు 50 నుంచి 60 రౌండ్లు నడుస్తాయి. ఒక్కో చేతికి సగటున 2.7 ముక్కలు పడతాయి. డీలర్‌తో కలిపి ఎనిమిది చేతులు, అంటే రౌండుకు 21, 22 ముక్కలు. గంటకు 60 రౌండ్లు అనుకున్నా 1,300 ముక్కలు, నిమిషానికి 22. మీరు 40 సెకన్లలో 52 ముక్కలు చూస్తున్నారంటే నిమిషానికి 78 చూస్తున్నట్టు. కావలసిన దానికి మూడు రెట్ల పైనే.

మరి లెక్క ఎందుకు పోతోంది? ఇంట్లో ముక్కలు వరసగా, ఒకే చోట, మీ చేతి వేగంతో వస్తాయి. టేబుల్ మీద అవి గుంపులుగా వస్తాయి. రెండు సెకన్లలో ఆరు ముక్కలు పడతాయి, ఆ తర్వాత ఇరవై సెకన్లు ఏమీ పడదు. ఆ ఖాళీలో మీ చేతి మొత్తం చూసుకోవాలి, ఆడాలా ఆపాలా తేల్చుకోవాలి, పక్కనున్నాయన ఏదో అడుగుతాడు, డ్రింక్స్ తెచ్చే అమ్మాయి వస్తుంది. మీ లెక్క జారిపోయేది ఆ ఖాళీలోనే. కాబట్టి ఇంట్లో సాధన కూడా ఆ ఖాళీ కోసమే చేయాలి. దానికన్నా ముందు ఆ ఒకటి రెండు తేడాల సంగతి చూద్దాం, ఎందుకంటే అది పునాది.

ఈ పద్ధతి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. 1963లో హార్వే డబ్నర్ అనే ఇంజనీరు బయటపెట్టిన లెక్క ఇది. 2 నుంచి 6 వరకు ముక్కలకు ప్లస్ ఒకటి, 7, 8, 9లకు సున్నా, పది, బొమ్మలు, ఆసులకు మైనస్ ఒకటి. కట్టలో చిన్నవి 20, పెద్దవి 20, మధ్యవి 12. అందుకే కట్ట మొత్తం లెక్కపెడితే సున్నా వస్తుంది. చిన్న ముక్కలు ఎక్కువ వెళ్లిపోతే మిగిలిన వాటిలో పదులు, ఆసులు ఎక్కువ ఉన్నట్టు. అప్పుడు ఆటగాడికి అనుకూలం.

సరిగ్గా ఈ సున్నా దగ్గరే మొదటి చిక్కు ఉంది. చివరకు సున్నా రావాలని ముందే తెలుసు కాబట్టి, ఆఖరి పది ముక్కల్లో మనసు దాన్ని సున్నా వైపు లాగేస్తుంది. ఇంకో ప్రమాదం, ఒక చోట ఒకటి ఎక్కువ, మరో చోట ఒకటి తక్కువ వేసినా సున్నానే వస్తుంది. అంతా సరిగ్గా చేశామనుకుంటాం. అందుకని పూర్తి కట్టతో సాధన ఈ రోజే మానేయండి. ముక్కలు బాగా కలిపి, చూడకుండా ఒకటి తీసి బోర్లా పెట్టండి. మిగతా 51 లెక్కపెట్టండి. ప్లస్ ఒకటి వస్తే దాచింది పెద్ద ముక్క, మైనస్ ఒకటి వస్తే చిన్నది, సున్నా వస్తే మధ్యది. పేరు చెప్పాకే తిప్పి చూడండి. వారం తర్వాత మూడు దాచండి, ఆ తర్వాత అయిదు. అప్పుడు ఎంత రావాలో మనసుకి ముందుగా తెలిసే వీలుండదు.

తప్పు వచ్చినప్పుడు "సరే, ఇంకోసారి" అని మళ్లీ కలిపేయకండి. అందరూ చేసే పని అదే, నేనూ నెలల తరబడి అలాగే చేశాను. దానికి బదులు 13 ముక్కలకు ఒకసారి ఆగి, లెక్క కాగితం మీద రాసుకోండి. చివర్లో తేడా వస్తే అవే నాలుగు గుంపుల్ని నిదానంగా మళ్లీ చూడండి. తప్పు ఏ గుంపులో జరిగిందో, ఏ ముక్క దగ్గర జరిగిందో తెలిసిపోతుంది. రెండు వారాలు ఇలా చిట్టా రాస్తే మీ తప్పులు చెల్లాచెదురుగా లేవని, రెండు మూడు చోట్లే పదేపదే జరుగుతున్నాయని కనిపిస్తుంది. నా చిట్టాలో ఎక్కువసార్లు పడినవి 9, 10. మూలనున్న అంకె చూడకుండా గుర్తుల గుంపు చూసేవాణ్ణి, రెండూ నిండుగా ఒకేలా కనిపించేవి. తర్వాతది ఆసు. ఖాళీగా కనిపిస్తుంది కాబట్టి చిన్న ముక్కలా తోచేది. కారణం తెలిశాక, అవే ముక్కలు పదిహేను ఇరవై ఏరి వాటితోనే నాలుగు రోజులు సాధన చేస్తే ఆ తప్పు పోయింది.

ఇక వేగం. వేగం రావాలంటే లోపల గొంతు ఆగాలి. "ఆరు, ప్లస్ ఒకటి, ఇప్పుడు మూడు, రాజు, మైనస్ ఒకటి, ఇప్పుడు రెండు" అని లోలోపల చదువుకుంటున్నంతకాలం 35 సెకన్ల కింద దిగడం కష్టం. ముక్క పేరు పలకకూడదు, దాని విలువ కూడా పలకకూడదు. మారిన మొత్తం ఒక్కటే మనసులో మెదలాలి. దీనికి జంటల సాధనను మించింది లేదు. రెండేసి ముక్కలు ఒకేసారి తిప్పండి. చిన్నదీ పెద్దదీ కలిసి వస్తే కొట్టుకుపోతాయి, అసలు లెక్కలోకే తీసుకోనక్కర్లేదు. బాగా కలిపిన ఒక కట్టలో ఏ రెండు ముక్కలు తీసినా, వందకు 35 సార్లు ఆ జంట విలువ సున్నానే. 36 సార్లు ఒకటి పెరగడమో తగ్గడమో, 29 సార్లు రెండు పెరగడమో తగ్గడమో. అంటే మూడింట ఒక వంతు జంటలకు మీరు చేయాల్సిన పనే లేదు, చూసి వదిలేయడమే. రమ్మీ ఆడి పెరిగిన మనవాళ్లకి ఇది త్వరగా పట్టుబడుతుంది. చేతిలో పదమూడు ముక్కలు విప్పగానే సీక్వెన్స్ కంటికి దానంతటదే కనిపిస్తుంది కదా, ఒక్కో ముక్క చదువుకోం. అదే చూపు ఇక్కడా కావాలి.

జంటలు బాగా వచ్చాక మూడేసి తిప్పండి. మొదటి లక్ష్యం 30 సెకన్లు. 25 లోపు తప్పు లేకుండా వస్తే చాలు. 15 సెకన్లలో చేసే వాళ్ల వీడియోలు చూసి బెంగ పెట్టుకోకండి, ఆ తేడా వల్ల టేబుల్ మీద ఒరిగేది లేదు. నేను పాటించిన నియమం ఒకటి చెబుతాను: వరసగా పదిసార్లు తప్పు లేకుండా వస్తేనే గడియారంలో రెండు సెకన్లు తగ్గించాలి. పదింటిలో రెండు తప్పితే రెండు సెకన్లు వెనక్కి వెళ్లాలి. నిదానంగా ఉంటుంది గానీ, తప్పుడు అలవాటు చేతికి పట్టదు. రోజుకు ఇరవై నిమిషాలు, పొద్దున పది, రాత్రి పది. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చోవడం కన్నా ఇది ఎంతో మేలు.

ఇప్పుడు మన భాషకు సంబంధించిన ఒక కిటుకు. నాకు ఎక్కువగా పనికొచ్చింది ఇదే. టేబుల్ మీద అంతా ఇంగ్లీషు అంకెలే. డీలర్ "సిక్స్‌టీన్" అంటాడు, పక్కాయన "ట్వంటీ" అంటాడు. మీరు కూడా లెక్కను ఇంగ్లీషులోనే పెట్టుకుంటే, ఆ అంకెలు వచ్చి మీ అంకెను తోసేస్తాయి. అంకెను చెడగొట్టేది మామూలు మాటల కన్నా మరో అంకే. అందుకని లెక్కను తెలుగులో పెట్టుకోండి. నేను హైదరాబాదులో పెరిగాను కాబట్టి ఇంకో అడుగు వేశాను: ప్లస్ లెక్క తెలుగులో, మైనస్ లెక్క హిందీలో. "నాలుగు" అంటే ప్లస్ నాలుగు, "చార్" అంటే మైనస్ నాలుగు. దీంతో "మైనస్" అనే మాటే అక్కర్లేదు, ఆ గుర్తు మర్చిపోయే ప్రమాదమూ లేదు. మైనస్ ఆరుని ప్లస్ ఆరు అనుకోవడం కొత్తవాళ్లు చేసే అతి ఖరీదైన తప్పు. హిందీ అలవాటు లేకపోతే "లోటు మూడు", "లోటు నాలుగు" అనుకోండి. మీ నోటికి ఏది తిరిగితే అది. మొదటి వారం తికమకగా ఉంటుంది, తర్వాత విడదీయలేనంతగా అతుక్కుపోతుంది.

టేబుల్ మీద ఏ ముక్కను ఎప్పుడు లెక్కపెట్టాలి అన్నది చాలామంది తేల్చుకోకుండానే వెళ్లి కూర్చుంటారు. ముక్కలన్నీ తెరిచి పంచే షూ ఆటలో (షూ అంటే కలిపిన కట్టలన్నీ పెట్టి పంచే పెట్టె) మొదటి ముక్కలు పడుతున్నప్పుడు నేను అసలు లెక్కపెట్టను. రెండో ముక్క ఒక్కో చేతి మీద పడుతున్నప్పుడు ఆ జంటను చూసి కలుపుకుంటాను. డీలర్ చెయ్యి ఎంత వేగంగా కదిలితే నా చూపు అంతే వేగంగా కదులుతుంది. చివర్లో డీలర్ తెరిచిన ముక్క. ఆ తర్వాత ఎవరు ముక్క అడిగితే అది పడ్డ క్షణాన. ఆఖరుకు డీలర్ మూసి ఉంచిన ముక్క, ఆయన తీసుకునే మిగతా ముక్కలు. ప్రతి ముక్కకీ ఒకే ఒక సమయం ఉండాలి.

దీన్ని నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదటి ఏడాదిలో ఒక కేసినోలో ఆరు కట్టల షూ ఆడుతున్నాం. నాతో వచ్చిన స్నేహితుడు కూడా అదే టేబుల్‌లో లెక్కపెడుతున్నాడు. షూలో కట్టన్నర మిగిలి ఉండగా నా లెక్క ప్లస్ పది. ట్రూ కౌంట్, అంటే లెక్కను మిగిలిన కట్టలతో భాగిస్తే వచ్చేది, ఆరు దాటిందని నా గరిష్ఠ పందెం పెట్టాను. మూడు చేతులు వరసగా పోయాయి. పోవడం ఆటలో మామూలే. బయటికొచ్చి మాట్లాడుకుంటే తెలిసింది, ఆ సమయానికి అతని లెక్క ప్లస్ నాలుగే. అంటే ట్రూ కౌంట్ మూడు కూడా లేదు. ఇద్దరం కూర్చుని ఆ షూ అంతా గుర్తు చేసుకున్నాం. ఎవరో మూడు-మూడు జంటను విడదీసి ఆడారు. డీలర్ వాటిని పక్కకు జరిపినప్పుడు నేను కొత్త ముక్కలనుకుని రెండు మళ్లీ కలిపాను. ఇంకా రెండు బ్లాక్‌జాక్‌లు, అంటే మొదటి రెండు ముక్కలే ఆసూ పదీ అయిన చేతులు, నేను చూసే లోపే డబ్బు చెల్లించి తీసేశారు. ఆసు, పది కలిసి మైనస్ రెండు. రెండుసార్లు వదిలేశాను కాబట్టి నాలుగు. మొత్తం ఆరు తేడా అలా వచ్చింది. గమనించండి, ఈ రెండు తప్పులూ లెక్కను పైకే తోశాయి. అంటే మనకు అనుకూలం లేనప్పుడు ఉందని చెప్పి పెద్ద పందెం పెట్టించే తప్పులు. అప్పటినుంచి ముక్కలు పడగానే బ్లాక్‌జాక్ ఎవరికి వచ్చిందో ముందు చూస్తాను. జంట విడదీసినప్పుడు కొత్తగా పడ్డ ముక్కలే చూస్తాను.

ఖాళీలో లెక్క నిలబడటానికి ఇంట్లో ఇలా చేయండి. భోజనాల బల్ల మీద ఏడు చేతులు పంచండి. ఒక్కో రౌండు తర్వాత ఆగి, ఇంట్లో వాళ్లతో అర నిమిషం మాట్లాడండి. రేపటి కూర సంగతో, పిల్లల స్కూలు సంగతో, ఏదైనా సరే. మళ్లీ వచ్చి లెక్క అందుకోండి. అది తేలికయ్యాక, అంకెలు ఉండే మాటలకి మారండి. క్రికెట్ మ్యాచ్ పెట్టుకుని, ప్రతి ఓవర్ చివర స్కోరు పైకి చదువుతూ ముక్కలు లెక్కపెట్టండి. ఇది నిజంగా కష్టం. మొదటి రోజు రెండు రౌండ్లు కూడా నిలవదు. మూడు వారాల్లో నిలుస్తుంది. మాట్లాడటానికి ముందు అంకెను మనసులో ఒకసారి గట్టిగా అనుకుని, మాట పూర్తవగానే మళ్లీ ఒకసారి అనుకోవడం అలవాటు చేసుకోండి. టేబుల్ దగ్గర డీలర్ ముక్కలు పోగుచేసుకుంటున్నప్పుడు కూడా అంతే.

ఇంకొకటి, మీ ప్రశ్నలో బేసిక్ స్ట్రాటజీ, అంటే ఏ చేతికి డీలర్ ఏ ముక్క చూపిస్తే ఎలా ఆడాలన్న పట్టిక, ప్రస్తావన లేదు. ఆసు-ఏడు చేతికి డీలర్ తొమ్మిది చూపిస్తే ఏం చేయాలి? తొమ్మిది-తొమ్మిదికి ఏడు చూపిస్తే? పన్నెండుకి మూడు చూపిస్తే? మొదటిదానికి ముక్క తీసుకోవాలి, రెండోదానికి ఆగాలి, మూడోదానికి ముక్క తీసుకోవాలి. ఈ జవాబులకు మీకు ఒక్క సెకను ఆలోచన పట్టినా, ఆ సెకనులోనే లెక్క పోతుంది. టేబుల్ దగ్గర లెక్క పోయే చాలామందికి అసలు జబ్బు ఇదే. ముందు దాన్ని కంఠస్థం చేయండి. ట్రూ కౌంట్‌ని బట్టి ఆట మార్చే సందర్భాలు, అంటే ప్లస్ మూడు దగ్గర ఇన్సూరెన్స్ (డీలర్ ఆసు చూపించినప్పుడు ఆయనకి బ్లాక్‌జాక్ ఉందని కాసే పక్క పందెం) తీసుకోవడం, ప్లస్ నాలుగు దగ్గర డీలర్ చూపించిన పదికి ఎదురుగా పదిహేనుతో ఆగడం లాంటివి, తర్వాత ఒక్కొక్కటే చేర్చుకోవచ్చు.

ట్రూ కౌంట్‌కి భాగహారం కావాలి, అది కూడా నాన్చకూడదు. రన్నింగ్ కౌంట్‌ని, అంటే ఇప్పటిదాకా వచ్చిన లెక్కను, మిగిలిన కట్టలతో భాగిస్తాం. చిక్కు అరలతో వస్తుంది. రన్నింగ్ కౌంట్ పది, మిగిలింది రెండున్నర కట్టలు అనుకోండి. రెండింటినీ రెట్టింపు చేయండి: ఇరవైని అయిదుతో భాగిస్తే నాలుగు. ఏడుకి మూడున్నర అయితే పద్నాలుగుని ఏడుతో, రెండు. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు వీటిని బయటికి చదివి నేర్చుకోండి, యాభై అరవై మాత్రమే ఉంటాయి. ఎన్ని కట్టలు మిగిలాయో తెలియాలంటే వాడిన ముక్కలు పెట్టే ట్రే చూడాలి. ఇంట్లో ఆరు కట్టలు కొనండి. 26, 52, 78 ఇలా దొంతరలు పేర్చి, రోజూ ఎదురుగా పెట్టుకుని ఎత్తు కంటికి అలవాటు చేసుకోండి. తర్వాత చూడకుండా ఒక దొంతర తీసి, అంచనా చెప్పి, లెక్కపెట్టి చూసుకోండి. అర కట్ట లోపు తేడా ఉంటే చాలు.

కచ్చితత్వం ఎక్కడ ఎక్కువ అవసరమో కూడా దీన్ని బట్టే తెలుస్తుంది. నాలుగు కట్టలు మిగిలి ఉండగా లెక్క ఒకటి తప్పితే ట్రూ కౌంట్‌లో పావు వంతే తేడా. ఒకే కట్ట మిగిలినప్పుడు అదే తప్పు పూర్తిగా ఒకటి. ట్రూ కౌంట్ ఒకటి పెరిగితే ఆటగాడికి దాదాపు అర శాతం అనుకూలం పెరుగుతుంది. మొత్తంగా మనకు మిగిలేదే ఒక శాతం అటూ ఇటూ కాబట్టి అర శాతం చిన్నది కాదు. షూ చివర్లో పందెం పెద్దది, అలసట ఎక్కువ, తప్పు ఖరీదు కూడా ఎక్కువ. అందుకే గంటన్నర తర్వాత నేను లేచి నడుస్తాను, లెక్క బాగున్నా సరే.

టేబుల్ దగ్గర లెక్క పోయిందా, ఊహించకండి. ముక్కలు మళ్లీ కలిపేదాకా కనీస పందెమే పెట్టండి, లేదా లేచి బయటికి వెళ్లిరండి. అయిదా ఆరా అన్న అనుమానమే అయితే అయిదు తీసుకోండి.

మీరు న్యూజెర్సీలో ఉండటం ఒక అదృష్టం. ముక్కలు లెక్కపెట్టడంలో పేరుమోసిన ఆటగాడు కెన్ ఊస్టన్ వేసిన కేసులో 1982లో రాష్ట్ర సుప్రీం కోర్టు, లెక్కపెడుతున్నారన్న కారణంతో కేసినోలు ఆటగాళ్లను తమంతట తాము బయటికి పంపకూడదని తీర్పిచ్చింది. వాళ్లు ముక్కలు ముందుగానే కలపవచ్చు, మీ పందేనికి పరిమితి పెట్టవచ్చు. నెవాడాలో అయితే ఆడవద్దని పంపేయగలరు. మనసులో లెక్కపెట్టడం అమెరికాలో ఎక్కడా నేరం కాదు గానీ, ఫోను లాంటి పరికరం వాడితే నెవాడాలో 1985 నుంచి పెద్ద నేరం. సాధన కోసం వాడే యాప్‌ని టేబుల్ దగ్గర తెరవనే వద్దు. బ్లాక్‌జాక్ వస్తే రెండు డాలర్ల పందేనికి మూడు డాలర్లు కాకుండా, అయిదు డాలర్ల పందేనికి ఆరే చెల్లించే టేబుల్ కనిపిస్తే కూర్చోవద్దు. ఆ ఒక్క నిబంధనే దాదాపు 1.4 శాతం లాగేస్తుంది, మీ సాధన మొత్తం దానికే పోతుంది. ముక్కలు ఎప్పటికప్పుడు వెనక్కి వేసుకుని కలిపే యంత్రం ఉన్న టేబుల్ కూడా అంతే.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్లకు ఒక మాట. ఆన్‌లైన్ ఆటల్లో సాఫ్ట్‌వేర్ ప్రతి చేతికీ ముక్కలు కొత్తగా కలుపుతుంది కాబట్టి ఈ లెక్క అక్కడ పనికిరాదు. పైగా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఎవరైనా ఈ లెక్క నేర్పి ఆన్‌లైన్‌లో గెలిపిస్తామంటే నమ్మకండి. ఇంటి ఖర్చులకు పెట్టుకున్న డబ్బుతో ఎక్కడా కూర్చోకండి. లెక్క ఏ తప్పూ లేకుండా పెట్టినా, నెలల తరబడి నష్టంలోనే ఉండే కాలాలు వస్తాయి. నాకు వరసగా ఏడు నెలలు అలా గడిచాయి.

మళ్లీ అట్లాంటిక్ సిటీ వెళ్లే ముందు ఈ పరీక్ష పెట్టుకోండి. ఆరు కట్టలు కలిపి, ఏడు చేతులు పంచుతూ, టీవీ మోగుతుండగా, ప్రతి రౌండుకీ మీ పందెం ఎంతో బయటికి చెబుతూ ఆడండి. కట్టన్నర మిగిలినప్పుడు ఆపి, మీ లెక్క కాగితం మీద రాయండి. తర్వాత మిగిలిన ఆ 78 ముక్కలూ తిరగేసి నిదానంగా లెక్కపెట్టండి. మీరు రాసిన అంకె, ఈ అంకె కలిపితే సున్నా రావాలి. పది షూలు ఆడితే తొమ్మిదింటికి అలా వచ్చేదాకా ఇంట్లోనే ఉండండి.